పాత కార్ల గుంపులో అరుదైనదాన్ని గుర్తుపట్టడం: బ్యాడ్జీని వదిలి కీలునూ అద్దాన్నీ చూడండి

మీరు రెండు విషయాలు అడిగారు. క్లాసిక్ కార్ల ప్రదర్శనలో వందలాది కార్లు బారులు తీరి ఉన్నప్పుడు వాటిలో నిజంగా అరుదైనది ఏదో ఎలా తెలుసుకోవాలన్నది మొదటిది. పల్లె రోడ్ల మీద ర్యాలీ సాగుతున్నప్పుడు మూడు నాలుగు సెకన్లలో కనుమరుగైపోయే కారును ఎలా పోల్చుకోవాలన్నది రెండోది. చాలా ఏళ్ళుగా ఈ వ్యాపకంలో ఉన్నవాడిగా, అప్పుడప్పుడు ప్రదర్శనల్లో కార్లను పరిశీలించే బాధ్యత కూడా తీసుకున్నవాడిగా చెబుతున్నాను: ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకటే. తేలికగా మార్చగలిగిన భాగాలను నమ్మకూడదు, మార్చాలంటే లోహాన్ని కోయవలసి వచ్చే భాగాలనే చూడాలి. బ్యాడ్జీని రెండు మరలు విప్పి మార్చేయవచ్చు. చక్రాలు, రంగు, సీట్లు, స్టీరింగ్ అన్నీ డబ్బు పెడితే దొరుకుతాయి. డోరు కీళ్ళు అమర్చిన తీరు, వెనుక అద్దం కోసం బాడీలో వదిలిన ఖాళీ, ముందు వెనుక చక్రాల మధ్య దూరం మాత్రం అంత సులువుగా మారవు. కారు ఏ ఏడాదిదో, ఏ రకానిదో చెప్పేవి అవే.

ముందుగా అరుదు అనే మాటను కాస్త విడదీసి చూడాలి, ఎందుకంటే కొత్తగా వచ్చేవారు దాదాపు అందరూ ఖరీదైనదే అరుదైనదని అనుకుంటారు. ఫెరారీ 250 జీటీఓ 1962, 1964 మధ్య 36 మాత్రమే తయారైంది. పైకి తెరుచుకునే డోర్లతో పేరుపొందిన మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్ గల్‌వింగ్ 1954 నుంచి 1957 వరకు 1,400 తయారయ్యాయి. ఇలాంటివి ప్రదర్శనకు వస్తే చుట్టూ తాడు కట్టి ఉంటుంది, పక్కన బోర్డు ఉంటుంది, జనం మూగి ఉంటారు. వాటిని గుర్తుపట్టడానికి మీ నైపుణ్యంతో పని లేదు. నైపుణ్యం అవసరమయ్యేది మిగతా రెండు రకాల దగ్గర. లక్షల్లో అమ్ముడైనా, ఎవరూ దాచుకోవాలని అనుకోకపోవడం వల్ల తుక్కు కింద పోయిన మామూలు కుటుంబ కార్లు ఒక రకం. ఇప్పటికీ చాలానే మిగిలి ఉన్నా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలో ఉన్నవి మాత్రం చాలా తక్కువగా దొరికే కార్లు ఇంకో రకం. నా దృష్టిలో ఈ మూడో రకమే అన్నిటికంటే ఆసక్తికరమైనది, ఎందుకంటే అక్కడ అరుదైన కారు మామూలు కార్ల మధ్య, వాటి పోలికతోనే నిలబడి ఉంటుంది.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌నే తీసుకోండి. 2003లో మెక్సికోలో ఉత్పత్తి ఆగేనాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారయ్యాయి. అలాంటి కారును అరుదైనదని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. కానీ దాని వెనక్కి వెళ్ళి అద్దం చూడండి. 1953 మార్చి వరకు వచ్చిన కార్లలో వెనుక అద్దం మధ్యలో నిలువు పట్టీతో రెండు ముక్కలుగా ఉండేది. ఆ తరువాత 1957 వరకు గుడ్డు ఆకారంలో ఒకే అద్దం, అటుపైన ఇంకా వెడల్పైన అద్దం వచ్చాయి. ఈ మూడింటినీ గుర్తుపెట్టుకుంటే చాలు, దూరం నుంచే కారు వయసు చెప్పేయవచ్చు. ఇంకాస్త లోతుకు వెళితే, 1952 అక్టోబరు నుంచి 1953 మార్చి వరకు కొన్ని నెలల పాటు కొత్త డాష్‌బోర్డును పాత రెండు ముక్కల అద్దపు బాడీలోనే బిగించి అమ్మారు. అభిమానులు వీటిని జ్విటర్ అని పిలుస్తారు. అంటే వెనుక అద్దం చూసి ఊరుకోకుండా, డోరు అద్దంలోంచి లోపలికి తొంగి చూసినవారికే అది దొరుకుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, కొత్త నమూనా వచ్చిన రోజుల్లో కొందరు యజమానులు తమ కారు పాతబడినట్టు కనిపించకూడదని ఆ నిలువు పట్టీని కోయించి ఒకే అద్దం పెట్టించుకున్నారు. తరువాతి తరం వాళ్ళు దాన్ని మళ్ళీ వెల్డింగ్ చేయించుకోవలసి వచ్చింది. అద్దం చుట్టూ లోహం అంచు సాఫీగా ఉందా, పుట్టీ పెట్టి సరిచేసిన ఆనవాళ్ళు ఉన్నాయా అని చూడటం అందుకే అవసరం.

అన్ని కార్లనూ ఒకేసారి నేర్చుకోవాలని ప్రయత్నించకండి, అది అయ్యే పని కాదు. ఒక్క కారు నమూనాను ఎంచుకుని ఏళ్ళ తరబడి అందులో వచ్చిన మార్పులన్నీ వంటబట్టించుకుంటే, ఎక్కడ చూడాలన్న అలవాటు మిగతా కార్లకు కూడా తనంతట తానే పాకుతుంది. మొదలుపెట్టేవారికి నేను మినీని సూచిస్తాను. 1959లో అలెక్ ఇసిగోనిస్ రూపకల్పనతో వచ్చిన ఈ కారు 2000 వరకు 53 లక్షలకు పైగా తయారైంది, కాబట్టి ఏ ప్రదర్శనకు వెళ్ళినా నాలుగైదు తప్పకుండా కనిపిస్తాయి, వరుసగా పెట్టి పోల్చుకోవచ్చు.

వాటిలో ఒకదాని పక్కన నిలబడి డోరు ముందు అంచు చూడండి. 1969కి ముందు కార్లలో కీళ్ళు బయటికి, బాడీ మీద పొడుచుకు వచ్చి ఉంటాయి. తరువాత వచ్చినవాటిలో అవి లోపలికి దాక్కున్నాయి. బయటి కీళ్ళున్న బ్రిటిష్ మినీలో డోరు అద్దం కిందికి దిగదు, పక్కకు జరుగుతుంది. బయటి కీళ్ళు ఉండి కూడా అద్దం కిందికి దిగుతుంటే ఎవరో తరువాత మార్చేశారని తొందరపడకండి, ఆస్ట్రేలియాలో తయారైనవాటిలో అలాంటివి ఉన్నాయి. ఆ తరువాత కారు వెనక్కి వెళ్ళండి. పెట్రోలు ట్యాంకు మూత మామూలుగా ఎడమవైపు ఒక్కటే ఉంటుంది. కుడివైపు కూడా ఇంకో మూత ఉంటే అది మినీలోనే వేగవంతమైన రకమైన కూపర్ ఎస్ కావచ్చు, ఎందుకంటే ఆ నమూనాకు రెండో ట్యాంకు మొదట అదనంగా కావాలనుకున్నవారికి, 1966 నుంచి అన్నిటికీ ఇచ్చారు. కావచ్చు అని మాత్రమే అంటున్నాను. మాంటే కార్లో ర్యాలీని 1964, 1965, 1967లలో గెలిచిన ఘనత ఉన్న కారు కనుక, రెండో ట్యాంకు, చిల్లులున్న చక్రాలు, బ్యాడ్జీ అన్నీ మామూలు మినీకి తగిలించేవాళ్ళకు కొదవ లేదు. అందుకే డిక్కీ తెరిచి ఉన్నప్పుడు కుడి ట్యాంకు అమరిక చూడాలి, బానెట్ ఎత్తినప్పుడు ఇంజిన్ మీది నంబరు పలకను చూడాలి. ఫ్యాక్టరీ పనికి ఒక పొందిక ఉంటుంది. ఇంటి దగ్గర చేసిన రంధ్రం అంచు గరుకుగానో, మరీ కొత్తగానో కనిపిస్తుంది.

పోర్షే 911 విషయంలో ఇలాంటి గుర్తులు ఇంకా సూక్ష్మంగా ఉంటాయి. 1963లో 901 పేరుతో ప్రదర్శించిన ఈ కారుకు, మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్ల మీద తమకే హక్కుందని ప్యూజో అభ్యంతరం చెప్పడంతో 911 అనే పేరు వచ్చింది. ఆకారం ఏళ్ళ తరబడి మారనట్టే కనిపిస్తుంది, కానీ 1969 నమూనా నుంచి చక్రాల మధ్య దూరం 57 మిల్లీమీటర్లు పెరిగింది. వెనుక చక్రం బాడీ వంపులో ఎక్కడ కూర్చుందో పక్క నుంచి చూస్తే అలవాటైన కంటికి అది ఇట్టే తెలిసిపోతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు మాత్రం 1972 నమూనాది. ఆ ఒక్క ఏడాది ఇంజిన్ ఆయిలు ట్యాంకును ముందుకు జరిపి, కుడి డోరుకూ వెనుక చక్రానికీ మధ్య బాడీ మీద ఒక చిన్న మూత పెట్టారు. పెట్రోలు బంకుల్లో పనిచేసేవాళ్ళు దాన్ని పెట్రోలు మూత అనుకుని అందులో పెట్రోలు పోయడం మొదలుపెట్టడంతో, మరుసటి ఏడాదే తీసేశారు. ప్రదర్శనలో 911ల వరుస పక్కన నడుస్తూ కుడివైపు ఆ మూత కోసం మాత్రమే చూసుకుంటూ వెళ్ళినా పొద్దుపోతుంది.

నకళ్ళ గురించి ఇక్కడే చెప్పాలి. 911 కరేరా ఆర్‌ఎస్ 2.7ను 1973 నమూనాగా, రేసింగ్ నిబంధనల కోసం 500 తయారు చేయాలనుకుని చివరికి 1,580 చేశారు. వెనుక ఇంజిన్ మూత మీద బాతు తోకలా పైకి లేచిన రెక్క దాని ఆనవాలు. ఆ రెక్క విడిగా దొరుకుతుంది, పక్కన అంటించే కరేరా అక్షరాలు కూడా దొరుకుతాయి, కనుక ఆ రెండూ చూసి మురిసిపోకండి. వెనుక చక్రాలు ముందువాటికంటే ఒక అంగుళం వెడల్పుగా ఉండి, వాటిని కప్పే వెనుక వంపులు కూడా అందుకు తగ్గట్టు ఉబ్బి ఉన్నాయా అని వెనుక నుంచి వంగి చూడండి. వంపులను కూడా మార్చేవాళ్ళున్నారు. అప్పుడు ఛాసిస్ నంబరు తప్ప వేరే దారి లేదు, అది యజమాని చూపిస్తేనే చూడాలి. జపాన్ స్కైలైన్ జీటీ-ఆర్ 1969 నమూనాదీ ఇదే కథ. మామూలు జీటీకి బ్యాడ్జీ తగిలించినవి చాలా ఉన్నాయి, అసలుదానికి ఆరు సిలిండర్లు, 24 వాల్వులు ఉన్న ఎస్20 ఇంజిన్ ఉండాలి. బానెట్ ఎత్తేదాకా ఏమీ అనకపోవడం మేలు.

అయస్కాంతం తీసుకెళ్ళమని చాలామంది సలహా ఇస్తారు. గుడ్డలో చుట్టిన బలహీనమైన అయస్కాంతం, అదీ యజమాని అనుమతితో, కొన్ని చోట్ల నిజంగానే పనికొస్తుంది. ఇనుప రేకు మీద మందంగా పుట్టీ పెట్టిన చోట అది నిలవదు. 1965లో వచ్చిన ఆల్ఫా రోమియో జూలియా స్ప్రింట్ జీటీఏకు బరువు తగ్గించడానికి పైరేకులు అల్యూమినియంతో వేశారు, కాబట్టి జీటీఏ అని చెప్పుకునే కారు డోరుకు అయస్కాంతం అతుక్కుంటే ఆ మాట తేలిపోయినట్టే. అయితే ఏసీ కోబ్రా దగ్గర ఇదే పరీక్ష పూర్తిగా చేతులెత్తేస్తుంది. అసలు కోబ్రాలు 1960లలో సుమారు వెయ్యి మాత్రమే తయారయ్యాయి, మీకు కనిపించేవాటిలో అత్యధికం తరువాత చేసిన నకళ్ళే. అసలుదాని బాడీ అల్యూమినియం, నకళ్ళలో చాలావాటిది ఫైబర్, రెండింటికీ అయస్కాంతం అతుక్కోదు. అక్కడ చేయవలసింది చక్రం పైవంపు లోపలికి, బానెట్ అడుగుకు చూడటం. ఫైబర్ అయితే పైన అద్దంలా మెరుస్తున్నా లోపలివైపు నార అల్లిక గరుకు బయటపడుతుంది. మేడిపండు వ్యవహారమే. బీటిల్ అడుగు భాగాన్ని కుదించి దాని మీద ఫైబర్ బాడీ కూర్చిన పోర్షే 356 స్పీడ్‌స్టర్ నకళ్ళకు కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది. పైగా ఆ ఇంజిన్ కూడా గాలితో చల్లబడే నాలుగు సిలిండర్లదే కావడంతో చెవి కూడా మోసపోతుంది. నకలును నకలని చెప్పి నడుపుకునేవాళ్ళ మీద నాకు ఏ చిన్నచూపూ లేదు. వాళ్ళే కార్లను ఎక్కువగా రోడ్డు మీదికి తెస్తారు.

ప్రదర్శనల్లో ఎక్కడ వెతకాలన్నది చాలామంది అడగని ప్రశ్న. నా అనుభవంలో వేదిక దగ్గర కంటే సందర్శకుల పార్కింగులోనే మంచి కార్లు దొరుకుతాయి. ఇంగ్లండులో సెప్టెంబరులో జరిగే గుడ్‌వుడ్ రివైవల్‌లో 1966కు ముందు నాటి కార్లలో వచ్చేవారికి విడిగా పార్కింగ్ కేటాయిస్తారు. ట్రాక్ మీద జరిగే రేసులు వదిలేసి రోజంతా అక్కడే గడిపేవాళ్ళు కూడా ఉన్నారు. అదే దేశంలో 2014 నుంచి మామూలు కార్ల కోసమే ఫెస్టివల్ ఆఫ్ ది అన్‌ఎక్సెప్షనల్ అనే ప్రదర్శన జరుగుతోంది. ఇందాక చెప్పిన రెండో రకం, అంటే ఎవరూ దాచుకోని కుటుంబ కార్లు, చూడాలంటే అలాంటి చోటికే వెళ్ళాలి. పొద్దున్నే వెళ్ళి కార్లు లోపలికి వస్తున్నప్పుడు గేటు దగ్గర నిలబడటం ఇంకా మంచిది, ఎందుకంటే అప్పుడు ప్రతి కారూ నడుస్తూ, చప్పుడు చేస్తూ, నాలుగు వైపుల నుంచీ కనిపిస్తుంది.

అలా గేటు దగ్గరే దొరికే కారుకు ఉదాహరణ సిట్రోయెన్ 2సీవీ సహారా. మామూలు 2సీవీలను ఎవరూ రెండోసారి చూడరు. బానెట్ మీద స్టెప్నీ బిగించిన 2సీవీ వస్తే మాత్రం ఆగండి. డోరు కింది భాగంలో గుండ్రని రంధ్రంలోంచి పెట్రోలు మూత బయటికి కనిపిస్తోందా అని చూడండి. సహారాలో ముందు ఒక ఇంజిన్, డిక్కీలో మరో ఇంజిన్ ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ట్యాంకు ముందు సీట్ల కింద ఉంటుంది, అందుకే మూతలు డోర్లలోంచి బయటికి వచ్చాయి. 694 మాత్రమే చేశారు. స్టెప్నీని ఎవరైనా బానెట్ మీద బిగించవచ్చు. రెండు డోర్లకూ రంధ్రాలు, డిక్కీ మూతకు గాలి ఆడే జాలీ, ముందు నుంచీ వెనుక నుంచీ ఒకేసారి వినిపించే రెండు ఇంజిన్ల చప్పుడు, ఇవన్నీ కలిసి ఉంటే అది సహారాయే.

ఇక పల్లె రోడ్ల సంగతి. అక్కడ దగ్గరికి వెళ్ళి వంగి చూసే వీలుండదు, కాబట్టి ఏ భాగం ఎక్కువసేపు కనిపిస్తుందో దాన్నే నేర్చుకోవాలి. కొత్తవారు ఎదురుగా వచ్చే ముఖాన్ని చూస్తారు. అది ఒక్క క్షణంలో దాటిపోతుంది. వెనుక భాగమైతే దూరమవుతూ చాలాసేపు కంటికి ఆనుతుంది. జాగ్వార్ ఈ-టైప్ ఇందుకు చక్కటి పాఠం. 1961లో వచ్చిన తొలి శ్రేణికి వెనుక లైట్లు సన్నగా, బంపరు పైన ఉంటాయి. 1968 తరువాత రెండో శ్రేణిలో అవి పెద్దవై బంపరు కిందికి దిగాయి. ముందు లైట్ల మీద గాజు కప్పు లేకపోయినా వెనుక లైట్లు పైనే ఉంటే అది రెండింటి మధ్య కొద్దికాలం వచ్చిన సంధి రకం. కారు దాటిపోయాక కూడా ఇదంతా తీరిగ్గా తేల్చుకోవచ్చు. అమెరికా మార్కెట్టుకు వెళ్ళివచ్చిన కార్లను కూడా ఇలాగే పట్టుకోవచ్చు. 1968 నమూనాల నుంచి అక్కడ పక్కల మీద సైడ్ మార్కర్లు, అంటే చిన్న లైట్లు లేదా రిఫ్లెక్టర్లు, తప్పనిసరి చేశారు, 1973, 1974లలో వచ్చిన నిబంధనలతో బంపర్లు బరువెక్కి ముందుకు పొడుచుకు వచ్చాయి. సందెచీకట్లో పసుపు హెడ్‌లైట్లతో వచ్చే కారు ఫ్రెంచిదయ్యే అవకాశం ఎక్కువ, అక్కడ 1993 వరకు ఆ రంగే వాడుకలో ఉండేది.

కంటికంటే ముందే చెవి పనిచేసే చోట్లు కూడా ఉన్నాయి. స్వీడన్ ర్యాలీ డ్రైవరు ఎరిక్ కార్ల్‌సన్ 1962, 1963లలో మాంటే కార్లో గెలిచిన సాబ్ 96 టూ-స్ట్రోక్‌ను వాలు రోడ్డు మీద వినండి. ఎక్కేటప్పుడు మోటారు సైకిల్‌లా గోల చేస్తుంది, దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదలగానే ఇంజిన్ ఒక్కసారిగా టకటకమంటూ ఐడిల్‌కు పడిపోతుంది. దానికి ఫ్రీవీల్ ఉండటమే కారణం. చక్రాలు ఇంజిన్‌ను తిప్పవు, టూ-స్ట్రోక్‌లో ఆయిలు పెట్రోలుతో కలిసి వస్తుంది కనుక, వాలులో పెట్రోలు అందకుండా ఇంజిన్ వేగంగా తిరిగితే ఎండిపోతుందని అలా చేశారు. తరువాతి వీ4 ఇంజిన్ సాబ్‌లో ఆ గోల ఉండదు. మలుపు అవతల ఉండగానే ఏది వస్తోందో చెప్పేయవచ్చు.

నిలబడే చోటు ఎత్తుగా, కారు వేగం తగ్గే ఎక్కుడు మలుపు లోపలివైపు కాకుండా బయటివైపూ కాకుండా, మలుపు దాటిన తరువాతి తిన్నని ముక్కలో రోడ్డుకు బాగా ఎడంగా ఉండాలి. మలుపు లోపల నిలబడితే డ్రైవరుకు మీరు కనిపించరు, బయట నిలబడితే అదుపు తప్పిన కారు మీ మీదికే వస్తుంది. ఏటా నవంబరు మొదటి ఆదివారం లండన్ నుంచి బ్రైటన్‌కు సాగే వెటరన్ కార్ల యాత్రకు 1905 జనవరి 1కి ముందు తయారైనవే వస్తాయి, ఎక్కుడు దారిలో అవి నడకతో పోటీపడతాయి, అలాంటి చోట తీరిగ్గా చూడవచ్చు. ఇటలీలో మిల్లే మిలియా తలపుగా జరిగే ర్యాలీలో, 1927 నుంచి 1957 వరకు జరిగిన అసలు రేసులో పాల్గొన్న నమూనాలకే చోటుంటుంది కనుక, వెళ్ళే ముందు ఆ జాబితా చదువుకుంటే సగం పని అయిపోతుంది. మీరే కారులో వెంట వెళ్తుంటే పాత కారు ముందుకు దూరి బ్రేకు వేయకండి. డ్రమ్ బ్రేకులు మీ కారంత త్వరగా ఆపలేవు, వాళ్ళు ముందు వదిలిన ఖాళీ మీకోసం కాదు.

యజమానితో మాట్లాడేటప్పుడు ధర అడగకండి, అసలుదేనా అని కూడా నేరుగా అడగకండి. ఇది ఎప్పుడు మీ చేతికి వచ్చింది, అప్పుడు ఎలా ఉండేది అని అడిగితే, ఏం మార్చారో, ఏది మార్చకుండా వదిలేశారో వాళ్ళే చెబుతారు. మంచి కారు ఉన్న మనిషి సాధారణంగా దాని లోపాల గురించి మొదలుపెడతాడు. ఫొటోలు తీసేటప్పుడు అందమైన కోణం ఒకటి చాలు. మిగతావి పనికొచ్చేవి తీయండి: సరిగ్గా పక్క నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి, డోరు కీలు, అద్దం మూలన ఉండే తయారీదారు ముద్ర, డాష్‌బోర్డు. అన్ని అద్దాల మీదా ఒకే తయారీదారు ముద్ర ఉండి ఒకటి మాత్రం వేరుగా ఉంటే అది తరువాత మార్చినదని తెలుస్తుంది. ఛాసిస్ పలక చూపించినా దాని ఫొటో బయట పెట్టవద్దు, ఆ నంబర్లతో నకలుకు కొత్త పుట్టుక కల్పించేవాళ్ళున్నారు. ఇంటి ముందు ఆగి ఉన్న కారైతే ఊరు, వీధి, నంబరు ప్లేటు కూడా కనిపించకుండా చూసుకోండి.